పిల్లికి బర్రె వైద్యం

నా ఉద్యోగమంతా బర్రెలతోనే గడిచింది. ఆవులు, ఎడ్లు, గొర్లు, మేకలు రాలేదని కాదు, కానీ నాకు అన్నం పెట్టింది బర్రెలేనని నా నమ్మకం. అందుకే రిటైరయ్యాక ఎవరైనా "మీరు మర్చిపోలేని కేసేది సార్?" అని అడిగి, అడ్డం తిరిగిన దూడను బయటికి లాగిన కథేదో వస్తుందని కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. నేను పిల్లి అంటాను. కుర్చీ మళ్లీ వెనక్కి పోతుంది.

కొత్తగా పశువైద్యంలోకి వచ్చిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో మందుల సంగతి తక్కువ. అది మీకు నాకంటే బాగా తెలుసు.

పిల్లి దగ్గరికి పోయే ముందు ఒక బర్రె సంగతి చెప్పక తప్పదు. నా మొదటి పోస్టింగు టేకుమట్ల. అప్పటికి నా మీసాలు కూడా సరిగ్గా కుదురుకోలేదు. ఒక రైతు బర్రెకు గొంతువాపు వచ్చింది. వరుసగా సూదులు పడాలి, దవాఖానకు తోలుకురమ్మని చెప్పాను. రెండు రోజులు వచ్చాడు, మూడో రోజు రాలేదు. నేనూ ఎందుకు రాలేదని కనుక్కోలేదు. నాలుగో రోజు అతనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, బర్రె లేకుండా. "మేత మేసింది గద సార్, మంచిగైందనుకున్న," అన్నాడు. ఇంటిల్లిపాదికీ ఆ ఒక్క బర్రె పాలే ఆధారం.

ఆ రోజు నుంచి నాకొక మాట అలవాటైంది. "తిన్నా తినకున్నా సూది తప్పొద్దు." ఎవరికి ఏ సూది రాసినా చివర ఈ మాట అనకుండా పంపేవాణ్ణి కాదు. గట్టిగా, కళ్లు పెద్దవి చేసి, వేలు చూపించి మరీ అనేవాణ్ణి. జఫర్‌గఢ్‌కు బదిలీ అయ్యేసరికి నాకంటే ముందే ఆ మాట అక్కడికి చేరింది. నా వెనక నన్ను 'తప్పొద్దు సారు' అనేవాళ్లని మా కాంపౌండర్ చెప్పాడు. నాకు కోపం రాలేదు, లోపల కాస్త గర్వంగానే ఉండేది. ఆ మాట వల్ల బతికిన పశువులు చాలా ఉన్నాయి. అది అబద్ధం కాదు.

చివరి పోస్టింగు జనగామ. ఆ కాంపౌండరే అక్కడికీ వచ్చి చేరాడు. నాకంటే రెండేళ్లు చిన్న, షుగర్ పేషెంటు. టిఫిన్ డబ్బా సంచిలో షుగర్ చూసుకునే మిషను కూడా పెట్టుకుని తిరిగేవాడు. భోజనానికి ముందు వేలు పొడుచుకుని, అంకె చూసి, నిట్టూర్చి, తర్వాత మామూలుగానే తినేవాడు.

ఒక శనివారం ఉదయం ఓపీలో గొర్ల మందతో ఒకరు, కుంటే దూడతో ఒకరు వరుసలో ఉండగా ఒకామె ఆటో దిగింది. చేతిలో చీరల షాపువాళ్లిచ్చే జిప్పు సంచి, అందులోంచి ఒక తల బయటికి కనిపిస్తోంది. ఆమెను నేనెరుగుదును. స్టేషన్ వెనక గల్లీలో చీరలకు ఫాల్ కుట్టి పీకో చేసే షాపు ఆమెది. మా ఇంటి చీరలన్నీ ఆమె మిషను కిందినుంచి వచ్చినవే. భర్త పోయి రెండేళ్లయింది. హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా గల్లీ అంతా ఆమెను ఆపా, అంటే అక్కా, అనే పిలిచేది. నేనూ అంతే.

సంచి బల్ల మీద పెట్టి జిప్పు తీసింది. తెల్లటి ఒంటి మీద నారింజ మచ్చల పిల్లి బయటికి రాలేదు, సంచిలోనే కూర్చుని మమ్మల్ని చూసింది. రావాలంటే కష్టపడాలి మరి, అంత లావుంది. మెడకూ పొట్టకూ మధ్య హద్దు లేదు.

"షుగర్ ఉంది సార్ దీనికి," అంది ఆపా.

కాంపౌండర్ గొర్రె చెవి వదిలేసి ఇటు తిరిగాడు. "పిల్లికి షుగరా? ఇగ రేపు ఎలుకలు బీపీ అనుకుంట వస్తయి సార్."

నేనూ నవ్వాను. "నీకెట్ల తెలుసు ఆపా?"

"మస్తు నీళ్లు తాగుతుంది. దొడ్లె ఇసుకల మూత్రం పోసినకాడ చీమలు పడుతున్నయి. మా ఆయనకు గూడ గట్లనే మొదలైంది."

సంచిలోంచి తీసి కింద దించితే పిల్లి నాలుగడుగులు వేసింది. వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి, ముసలివాళ్లు చెప్పులు ఈడ్చినట్టు నడిచింది. కాంపౌండర్ తన మిషను తెచ్చాడు. చెవి అంచున పొడిచి చుక్క రక్తం పెట్టాం. అంకె చూసి కాంపౌండర్ కళ్లజోడు సవరించుకున్నాడు. "నాకంటె ఎక్కువుంది సార్," అన్నాడు. ఆ గొంతులో కాస్త తృప్తి కూడా ఉందేమో, చెప్పలేను.

పిల్లుల షుగరు గురించి నాకు తెలిసింది పరీక్షల కోసం చదివిన ఒక పేజీ. అదీ మర్చిపోయి చాలాకాలమైంది. మహబూబాబాద్‌లో కొత్తగా చేరిన ఒక లేడీ డాక్టరుకు కుక్కలు, పిల్లుల వైద్యం బాగా తెలుసని విన్నాను. వరుసలో ఉన్నవాళ్లను ఆగమని ఆమెకు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఓపిగ్గా, తడుముకోకుండా అన్నీ చెప్పింది. నేను టీకాల డబ్బా అట్ట చింపి దాని వెనక రాసుకున్నాను. అన్నం, పాలు, బిస్కెట్లు బంద్. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కొలిచి పెట్టాలి. రెండు పూటలా ఇన్సులిన్ కొద్దిగా. బరువు తగ్గాలి, కానీ మెల్లగా. ఒక్కసారిగా కడుపు మాడిస్తే పిల్లి కాలేయం పాడవుతుంది. రోజూ ఆడించాలి, నడిపించాలి. ఇంకో లైనేదో కూడా రాశాను. అప్పటికి గొర్లాయన మూడోసారి దగ్గాడు.

ఆపాకు అన్నీ చెప్పాను. సూది ఎలా వేయాలో చూపించబోతే ఆమే సిరంజి తీసుకుని, మెడ వెనక చర్మం పైకి లేపి, పిల్లికి తెలియకుండా వేసేసింది. పదకొండేళ్లు భర్తకు వేసిన చేయి అది. 

"దీన్ని గూడ షుగరుకియ్యను సార్," అంది. ఏడవలేదు. చీర ఇవ్వాల్సిన రోజు చెప్పినట్టు చెప్పింది. ఆ భర్తకు ముందు కాలివేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఇదంతా గల్లీలో అందరికీ తెలుసు.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "సార్, మరి ఎప్పుడన్న తినకుంటె..."

నేను అప్పటికే గొర్రె నోరు తెరిచి చూస్తున్నాను. తల ఎత్తకుండానే అన్నాను. "తిన్నా తినకున్నా సూది తప్పొద్దు ఆపా."

"సరే సార్," అని వెళ్లిపోయింది.

పిల్లిని కదిలించడం నేననుకున్నంత సులువు కాలేదు. బంతి వేస్తే బంతిని చూసేది. తాడు ఊపితే ఊపే మనిషిని జాలిగా చూసేది. ఎలుక ఎదురొస్తే పక్కకు జరిగి దారి ఇస్తుందని ఆపాయే చెప్పింది. దారి దొరికింది కూడా ఆమెకే. మిషను తొక్కే పలకకు పొడుగాటి చీర అంచు పీలిక ఒకటి కట్టింది. ఆమె తొక్కినప్పుడల్లా ఆ పీలిక కొస నేల మీద ఎగిరిపడేది. మూడు రోజులు పిల్లి తోక కూడా కదపలేదట. నాలుగో రోజు ఒక పంజా వేసింది. వారం తిరిగేసరికి ఆమె ఫాల్ కుడుతున్నంతసేపూ అది పీలిక వెంటపడేది. పెళ్లిళ్ల సీజను కాబట్టి వ్యాయామానికి లోటు లేకపోయింది.

రెండోది నా ఆలోచన. షాపు లోపలినుంచి డాబా మీదికి మెట్లున్నాయి. తిండి గిన్నె మొదటి మెట్టు మీద పెట్టమన్నాను. నాలుగు రోజులకొక మెట్టు పైకి. అది మొదట మెట్టు కింద కూర్చుని అరిచిందట, ఇరుగుపొరుగు వచ్చి పిల్లిని పస్తులు పెడుతున్నావా అని ఆపాను తిట్టారట. ఆమె లొంగలేదు. గిన్నె మెట్లెక్కుతూ పోయింది, దాని వెనకే పిల్లి.

మా దవాఖానలో బర్రెను కొలిచే టేపు ఉంది కానీ పిల్లిని తూచే కాంటా లేదు. పక్కన చికెన్ సెంటర్ ఉంది. రెండు శనివారాలకొకసారి అక్కడ తూచేవాళ్లం. మొదటిసారి సంచి బరువు తీసేస్తే ఎనిమిది కిలోల నాలుగు వందలు. రోడ్డు మీద పోయే ఒకాయన బండి ఆపి "కిలో ఎంత?" అని అడిగాడు. చికెన్ సెంటర్ అతను "స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా?" అన్నాడు. ఆపా వాళ్లిద్దరినీ చూసిన చూపుకు ఆయన బండి మళ్లీ స్టార్టు కావడానికి కాస్త సమయం పట్టింది. ఏడు కిలోల తొమ్మిది వందలు. ఏడున్నర. అంకె తగ్గినప్పుడల్లా కాంపౌండర్ నెల క్యాలెండర్ మీద రాసేవాడు. మధ్యాహ్నం అన్నం కూడా కాస్త తగ్గించాడు. పిల్లి చేతిలో ఓడిపోవడం ఇష్టం లేకనే అయ్యుంటుంది.

ఏడు కిలోలకు దగ్గరపడ్డప్పుడు వచ్చింది ఆ రోజు.

గాలికుంటు టీకాల కోసం నేను ఉదయాన్నే ఒక పల్లెకు వెళ్లాను. కాంపౌండర్ దవాఖానలో ఉన్నాడు. నా ఫోను బండి డిక్కీలో ఉంది. బర్రె కొమ్ములు పట్టుకున్నవాడికి జేబులో ఫోను మోగితే ఏమవుతుందో ఒకసారి అనుభవమైంది. టీకాలయ్యి చేతులు కడుక్కుని డిక్కీ తెరిచేసరికి పదకొండు దాటింది. ఆపా నుంచి మూడు కాల్స్, కాంపౌండర్ నుంచి ఏడు.

జరిగింది ఇది. గిన్నె ఆ వారం డాబా మీదికి పోయే ఆఖరి మెట్టుకు చేరింది. నేనే పెట్టమన్నాను. జనగామలో డాబా మీద వడియాలు కూడా కర్ర పట్టుకుని ఎండబెట్టుకోవాలి, కోతులు అన్ని ఉన్నాయి. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం గిన్నె పెట్టమన్నప్పుడు గుర్తు రాలేదు. ఆ ఉదయం పిల్లి మెట్లెక్కి గిన్నెలో మూతి పెట్టేలోపు కోతులు దిగాయి. పిల్లి దొర్లుకుంటూ కిందికి వచ్చి చీరల అల్మారాలో మూటల వెనక దూరింది. ఆపా మాంసం తెచ్చి మూతి దగ్గర పెట్టింది. గుడ్డు పెట్టింది. చివరికి వద్దన్న పాలు కూడా పెట్టింది. ముట్టలేదు, వణుకుతూ కూర్చుంది. ఎనిమిదైంది. సూది వేళ.

ఆమె సూది ఇచ్చింది.

తిండి లోపలికి పోకుండా ఇన్సులిన్ పోతే ఒంట్లో ఉన్న చక్కెర కూడా పడిపోతుంది. పది దాటాక పిల్లి అల్మారాలోంచి కింద పడింది. నిలబడబోయి పక్కకు ఒరిగింది. కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. ఆమె చక్కెర పాకం వేలితో దాని చిగుళ్లకు రుద్దుతూ ఆటో ఎక్కింది. అలా రుద్దమని నేనెప్పుడూ చెప్పలేదు.

నేను బండి ఎలా నడిపానో గుర్తులేదు. వెళ్లేసరికి పిల్లి ఆపా ఒళ్లో గుడ్డలా వేలాడుతోంది. కాంపౌండర్ గ్లూకోజు పొడి కలిపి పట్టుకుని నిలబడ్డాడు. మిషను అంకె చూపించలేదు, తక్కువ అని మాత్రం చూపించింది.

ఇప్పుడు రాస్తున్నది రాయడానికి నాకు ఇష్టం లేదు. గుమ్మంలో అడుగు పెడుతూనే నేను అరిచాను. "తినకుంట సూది ఎందుకిచ్చినవ్ ఆపా?"

ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు.

"అడిగిన గద సార్. మీరు చెప్పిండ్రు గద."

కాంపౌండర్ గోడ మీది టీకాల పట్టికను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

ముందు కాలి రక్తనాళం వెతికి గ్లూకోజు ఎక్కించాను. బర్రె మెడలో బొటనవేలంత నరం పట్టుకునే చేతికి ఆ దారప్పోగు మూడోసారికి గానీ దొరకలేదు. కాస్త తేరుకున్నట్టే ఉండి ఒంటిగంటకు మళ్లీ కొట్టుకుంది. మళ్లీ ఎక్కించాను. ఆ మధ్యాహ్నం వచ్చిన పశువులన్నీ బయట చెట్టు కిందే ఉన్నాయి, వాటి మనుషులు కిటికీలోంచి చూస్తున్నారు. నవ్వినవాళ్లు ఎవరూ లేరు.

ఆ గంటల్లో ఆమెను అడిగాను. "మీ ఆయనకు తినకుంట ఎప్పుడన్న సూది ఇచ్చినవా?"

"లేదు సార్. ముందు తిండి, వెనక సూది. దవాఖానల మొదటి రోజే చెప్పిండ్రు."

"మరి దీనికెందుకు ఇచ్చినవ్?"

"జంతువులకు వేరే ఉంటదేమో అనుకున్న. బర్లకు గట్లనే ఉంటదేమో అనుకున్న. మీరు గంత గట్టిగ చెప్పిండ్రు కదా."

సొరుగు తెరిచి టీకాల డబ్బా అట్ట తీశాను. ఆఖరి లైను, నా చేతిరాతలోనే, ఇలా ఉంది: తినకపోతే సూది వేయకుండా ముందు ఫోన్ చేయాలి. మహబూబాబాద్ అమ్మాయి చెప్పింది. నేను రాశాను. చదివి వినిపించలేదు. అంతకంటే ఘోరం, ఆపా అదే మాట అడగబోతే నోరు మూయించాను. టేకుమట్లలో ఒక బర్రె చచ్చిపోయి నేర్పిన పాఠం ముప్పై ఏళ్లు పట్టుకు తిరిగి, తెచ్చి ఈ పిల్లి నెత్తిన వేశాను. అది పాఠంగా ఉండటం మానేసి ఎప్పుడో నోటి తీటగా మారింది. నాకు తెలియలేదు.

నాలుగు కావస్తుండగా పిల్లి తల ఎత్తి కాంపౌండర్ వేలికున్న గ్లూకోజు నాకింది. కొంచెం సేపటికి ఉడికించిన మాంసం తిన్నది. ఆపా కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు ఏడ్చింది, ఉదయం నుంచి దాచుకున్నదంతా.

"తప్పు నాది ఆపా," అన్నాను.

సాయంత్రం దవాఖాన మూస్తూ కాంపౌండర్ అన్నాడు, "ఇన్నేండ్లల గా మాట మీ నోట ఇయ్యాల్నే ఇన్న సార్." వెక్కిరించాడా, మెచ్చుకున్నాడా తెలియదు. తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్త కాగితం రాశాం. ఆపా చెప్పింది, నేను రాశాను. మధ్యలో మహబూబాబాద్‌కు ఫోన్ చేసి సరిచూసుకున్నాను. ముందు తిండి, వెనక సూది. బరువు తగ్గిన కొద్దీ సూది మోతాదు కూడా చూసుకుంటూ తగ్గించాలి. గిన్నె ఎనిమిదో మెట్టు దాటొద్దు, డాబా తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి. గిన్నె పైన ఒక పూట, కింద ఒక పూట పెడితే ఎక్కడం దిగడం రెండూ అవుతాయన్నది కూడా ఆమె మాటే. పీలిక వ్యాయామం ఎలాగూ ఉంది.

తర్వాత చెప్పుకోదగిన విశేషాలు లేవు, వైద్యంలో అంతకంటే మంచి వార్త ఉండదు. ఆరున్నర. ఆరు కిలోల రెండు వందలు. మడమలు నేలకు ఆనడం మానేశాయి. సూది సగమైంది, ఆ సగంలో సగమైంది. నేను రిటైర్ కావడానికి ఇంకా నెల ఉందనగా, వరుసగా కొన్ని వారాలు సూది లేకుండానే అంకె మామూలుగా నిలబడింది. పిల్లుల్లో అలా జరుగుతుందని, అయినా కనిపెట్టుకుని ఉండాలని మహబూబాబాద్ అమ్మాయి చెప్పింది. ఆ శనివారం చికెన్ సెంటర్ కాంటా మీద ఐదు కిలోల ఎనిమిది వందలు. చికెన్ సెంటర్ అతను ఆ అంకె రెండుసార్లు పైకి చదివాడు.

దవాఖానకు తిరిగొచ్చి "ఇగ సూది వద్దు ఆపా. తిండి, ఆట మాత్రం ఇట్లనే ఉండాలె," అన్నాను.

ఆమె పిల్లిని సంచిలో పెట్టుకుంది. మిగిలిన సిరంజీల పొట్లం నా బల్ల మీద పెట్టింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"సార్, మరి..."

వరుసలో నలుగురున్నారు. నేను పెన్ను కింద పెట్టి ఆగాను.

"మా ఆయన్ను గూడ గిట్లనే కోపం జేసి మెట్లెక్కిచ్చి, గిన్నె దూరం పెట్టి తిప్పిచ్చి ఉంటె, బతికెటోడా సార్?"

జవాబులు నా దగ్గర రెండు మూడు సిద్ధంగానే ఉన్నాయి. అలాంటి చోట చెప్పేవి అందరి దగ్గరా ఉంటాయి. ఒక్కటీ నోటిదాకా రానివ్వలేదు.

"నాకు తెల్వదు ఆపా," అన్నాను.

ఆమె తలూపింది. "నువ్వు సరిగ చూసుకోలె అన్నోళ్లున్నరు సార్. గట్ల రాసిపెట్టి ఉంది అన్నోళ్లున్నరు. తెల్వదు అన్నోళ్లు మీరొక్కరే."

సంచి జిప్పు సగం దాకా లాగి, పిల్లి తల బయట ఉంచి, భుజానికి తగిలించుకుంది. గేటు దగ్గర ఆటో అతను ఆమెను చూసి బండి స్టార్టు చేశాడు. వద్దని చెయ్యి ఊపి, స్టేషన్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయింది.